అడ్మిరల్ ఎక్కిన ఓడ

నవంబర్ 3

నా సీరియల్‌కి ఈ రోజు మొదటి ఉత్తరం వచ్చింది. మెచ్చుకోలు కాదు, అభియోగం.

ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దుకుంటుంటే ఎడిటర్ గారు వచ్చి కాగితం నా బల్ల మీద పడేశారు. "ఏమ్మా, నీ ఓడకి ఎవరో చిల్లు పెట్టారు, చూసుకో" అన్నారు. ఆవిడకి ఇలాంటివంటే సంబరం.

రాసింది ఒక రిటైరైన లెక్కల మాస్టారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "ఏడో భాగంలో అడ్మిరల్ గారు తూనీగ అనే నక్షత్రనౌకలోకి వచ్చి, కెప్టెన్‌ను పక్కకు జరిపి, ఉల్కల గుంపులోంచి నౌకను తానే నడిపించారు. అడ్మిరల్ అంటే ఇరవై నౌకలకు పెద్ద. ప్రతి నౌకకూ వేరే కెప్టెన్ ఉంటారు. అడ్మిరల్ స్వయంగా ఒక నౌకను నడపవచ్చునా? నడిపితే, అప్పుడు కెప్టెన్ ఎక్కడ నిలబడింది? ఆమె చేతులు ఏం చేస్తున్నాయి? మీరు రాయలేదు."

నెలాఖరులోగా జవాబు రాసివ్వాలట, పత్రికలో వేస్తారట.

ఇంటికొచ్చి చదివి వినిపిస్తే నాన్న పడీపడీ నవ్వాడు. "లెక్కల మాస్టారుకి నీళ్ళ సంగతేం తెలుసే! ఆ అడ్మిరల్ నడపబట్టే బతికారు వాళ్ళంతా" అన్నాడు. ఏడో భాగం నాన్న నాలుగుసార్లు చదివాడు. లాంచీల ఆఫీసుకి కూడా పట్టుకెళ్ళి అందరికీ చూపించాడు.

అమ్మ మిషను మీద గుడ్డ తిప్పుతూ తలెత్తకుండానే అంది. "ఆ అడ్మిరల్ ఎవరో మాకు తెలీదనుకుంటున్నావేంటి? మీసాలతో సహా దింపేశావు."

నవంబర్ 4

మాస్టారి ప్రశ్న కొత్తదేం కాదు. ఎనిమిదేళ్ల వయసులో నేనే అడిగాను.

అప్పట్లో నాన్న మూడో నంబరు లాంచీకి సరంగు, చక్రం పట్టి నడిపేది ఆయనే. ఏడాదికోసారి మరమ్మతుకి దాన్ని ఒడ్డుకు లాగి దుంగల మీద నిలబెట్టేవాళ్ళు. ఆ పదిహేను రోజులూ బడి నుంచి నేను నేరుగా అక్కడికే. పైన సరంగు గదిలో తడి తాళ్ల వాసన, డీజిల్ వాసన, కొత్త రంగు వాసన. బయట నేలంతా రంపపు పొట్టు. దాన్ని నేను చంద్రుడి మీది దుమ్ము అనేదాన్ని. స్టీరింగు చక్రం నా కంటే ఎత్తు. నాన్న బోర్లించిన బకెట్టు వేసి నన్ను దాని మీద నిలబెట్టేవాడు.

"కెప్టెన్ గారూ, శనిగ్రహం ఎంత దూరం?"

"రెండు బిస్కెట్ల దూరం, అడ్మిరల్ గారూ."

ఒకసారి దారి తప్పిపోయాం. ఏ చుక్క ఏదో గుర్తులేదు. "మీరే నడపండి అడ్మిరల్ గారూ" అని దిగిపోబోయాను. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "నేను ముట్టుకోకూడదు తల్లీ. నా పేరు పెద్దదే, ఓడ మాత్రం నీది. చేతులు వెనక్కి కట్టుకోవడమే అడ్మిరల్ ఉద్యోగం."

ఏడ్చాను. నాన్న కరగలేదు. చివరికి ఎటో తిప్పాను. "అదుగో శనిగ్రహం" అన్నాడు నాన్న, పొట్టు కుప్ప కేసి చూపిస్తూ.

మరి ఏడో భాగంలో ఎందుకు అలా రాశాను?

నవంబర్ 5

వర్షం. ఏమీ రాయలేదు.

నవంబర్ 8

నాన్నని సూపరింటెండెంట్ చేసి ఐదేళ్లు. ఏడు లాంచీలకు పెద్ద. ఆఫీసులో బల్ల, కుర్చీ, టీ పెట్టే మనిషి. ఆ బల్ల మీద నాన్న చేతులు ఎప్పుడు చూసినా నాకు అదోలా ఉంటుంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. రోజూ సాయంత్రం నేను ప్రెస్సు నుంచి, నాన్న ఆఫీసు నుంచి కలిసి ఐదున్నర లాంచీలో నది దాటి ఇవతలి ఒడ్డుకి వస్తాం. సరంగు గదిలో వెనక బెంచీ మీద కూర్చోనిస్తారు నన్ను. అది నాన్న కూతురి హోదా.

ఇప్పుడు మూడో నంబరు సరంగు గడియారం. అతని అసలు పేరు వాళ్ళావిడైనా పిలుస్తుందో లేదో. సెకను తేడా రానివ్వడు కాబట్టి గడియారం. పదిహేడేళ్ల వయసులో నాన్న దగ్గర పని నేర్చుకున్నాడు. నాన్నని గురువుగారూ అంటాడు, నన్ను చెల్లాయ్ అంటాడు.

ఉత్తరానికి జవాబు రాయాలని అతన్నీ అడిగాను. "లాంచీలో అయితే రూలు ఉంది కదా చెల్లాయ్. చక్రం చేతులు మారాలంటే తీసుకునేవాడు 'చార్జి నాది' అని పైకి అనాలి. ఇచ్చేవాడు 'చార్జి మీది' అనాలి. టైముతో సహా పుస్తకంలో రాయాలి. అప్పటిదాకా దేవుడొచ్చి పట్టుకున్నా చార్జి మొదటివాడిదే. ఆ రూలు పెట్టింది ఎవరనుకున్నావు? ఈయనే."

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

నవంబర్ 11

మంచు. మూడో నంబరు రేవుకి కొట్టుకుంది. ఎవరూ పోలేదు. నేను బాగానే ఉన్నాను. నాన్న కూడా.

నవంబర్ 12

ముక్కు భాగం నొక్కుకుపోయింది. రేవు చెక్కలు ఆరు విరిగాయి. మెట్ల దగ్గర నిలబడ్డ ఒక పెద్దావిడ పడి మణికట్టు విరిగింది. తొందరపడి ముందే లేచి నిలబడ్డవాళ్ళందరికీ దెబ్బలు తగిలాయి.

లాంచీలో చక్రం పైన ఉంటుంది, ఇంజను కింద ఉంటుంది. సరంగు పైనుంచి గంట కొడితే కింద ఇంజను డ్రైవరు వింటాడు. ఒకటి ఆపు, రెండు ముందుకు, మూడు వెనక్కి. రేవు దగ్గర పడగానే మూడు కొట్టాలి. నిన్న మూడు గంటలు ఎవరూ కొట్టలేదు. కింద డ్రైవరు చెవులు రిక్కించుకుని కూర్చునే ఉన్నాడట.

ఎందుకు కొట్టలేదో నాకు తెలీదు. నేను నీళ్ళు చూస్తున్నాను.

నవంబర్ 14

గడియారాన్ని విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు. తప్పని తేలితే సర్టిఫికెట్ పోతుంది. సర్టిఫికెట్ పోతే మరి ఏ నీటి మీదా పని దొరకదు. చార్జి పుస్తకంలో ఉన్నది అతని పేరే, ఐదూ ముప్పైకి, అతని చేతి రాతతోనే. రిపోర్టులో ఆ పేరు ఎత్తి రాసి సంతకం పెట్టాల్సింది సూపరింటెండెంటు. పెట్టాడు.

భోజనాల దగ్గర నాన్న అన్నం కెలుకుతున్నాడు.

"పుస్తకంలో ఉన్నది రాశాను. లేనిది ఎలా రాస్తాను?"

అడగని ప్రశ్నకి జవాబు. అమ్మ గిన్నె కాస్త చప్పుడయ్యేలా కింద పెట్టింది. "ఎవరూ ఏమీ అనలేదుగా" అంది.

"విచారణలో అంతా తేలుతుందిలే."

"తేలుతుంది. మునగాల్సినవాళ్ళు మునిగాక."

నవంబర్ 16

నేను నీళ్ళు చూస్తున్నాను.

నవంబర్ 17

నాకూ కబురు వచ్చింది. సరంగు గదిలో ఉన్న మూడో మనిషిగా ఇరవై మూడో తేదీ ఉదయం పది గంటలకు హాజరై, చూసినది చెప్పాలి. పై ఆఫీసు నుంచి వచ్చే అధికారి వింటాడు.

నాన్న కాగితం రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చాడు. "నువ్వేం చూశావో అదే చెప్పు." చెప్పులు వేసుకుని గుమ్మం దాటాక వెనక్కి తిరిగాడు. "మంచులో ఎవరికైనా ఏం కనిపిస్తుందిలే."

నవంబర్ 18

మాస్టారికి జవాబు నాలుగు రకాలుగా రాశాను. నాలుగూ చింపేశాను.

కెప్టెన్‌కి గాయమైంది, అందుకే అడ్మిరల్ నడిపాడు. (కాలేదు. ఏడో భాగంలో ఆమె శుభ్రంగా ఉంది.)

మిగతా పంతొమ్మిది నౌకలూ పోయాయి, ఒక్క నౌకకు అడ్మిరల్ అన్నా కెప్టెన్ అన్నా ఒకటే. (పోలేదు. ఎనిమిదో భాగంలో వరసగా నిలబడి స్వాగతం పలికాయి. నేనే రాశాను.)

తూనీగ అడ్మిరల్ సొంత నౌక. (సొంత నౌక అయినా దానికి కెప్టెన్ వేరే ఉంటారు. ఆయన దాంట్లో కూర్చుని ఇరవై నౌకల సంగతి చూడాలి.)

అది ఊహాలోకం, అక్కడి రూళ్లు వేరు.

ఈ చివరిది చూసి ఎడిటర్ గారు పెన్ను మూత పెట్టేశారు. "ఊహాలోకం అంటావు సరే. గాలి లేకుండా బతికించు, కాంతి కంటే ముందు పరిగెత్తించు, నేను నమ్ముతాను. ఒకామె చేతిలో పని లాక్కుంటే ఆమెకి ఏమీ అనిపించలేదంటే మాత్రం నమ్మను. ఇంతకీ అంత పట్టుబట్టి ఆ ముసలాడిని ఎందుకు కాపాడుతున్నావు?"

"ముసలాడు కాదండీ. యాభై ఆరు."

"కథలో వయసు రాయలేదే" అన్నారావిడ.

నవంబర్ 20

బజారులో గడియారం కనిపించాడు. పట్టపగలు అతన్ని నేల మీద చూడటం ఇదే మొదలు. నడక కూడా వేరుగా ఉంది, ఎక్కడికీ చేరక్కర్లేని మనిషి నడక. చేతిలో కూతురి చెప్పు ఉంది, కుట్టించడానికి.

"నిన్నూ పిలిచారటగా చెల్లాయ్."

"అన్నా, నువ్వేం చెప్తున్నావు?"

"ఏముంది చెప్పడానికి? పుస్తకంలో ఉంది. బోటు నాది, గంట నాది, కొట్టలేదు."

"కానీ చక్రం..."

"వద్దు." రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. "చూడు. ఆయన చెయ్యి వేయగానే నేను పక్కకు జరిగాను. ఎవరూ జరగమనలేదు. పదిహేడేళ్లప్పుడు ఎలా జరిగేవాడినో అలాగే జరిగిపోయాను. 'చార్జి నాది అనండి గురువుగారూ' అని అడగాల్సింది నేను కాదా? ఏ ముఖం పెట్టుకుని అడగను? నాకు ఆ మాట నేర్పిందే ఆయన."

"గంట?"

"ఆయన కొడతారనుకున్నాను. నేను కొడతాననుకుని ఉంటారు ఆయన. వెనకటికి నేను చెయ్యి కింద మనిషిగా ఉన్నప్పుడు చక్రం ఆయనది, గంట నాది. ఇప్పుడేమో రెండూ నావి. ఆ కాసేపు మాత్రం ఎవరిది ఏదో ఇద్దరికీ తెలీలేదు." నవ్వబోయి ఊరుకున్నాడు. "నువ్వు మాత్రం ఏమీ చూడలేదను. నాకింకా వయసుంది, ఏదో ఒకటి చేసుకుంటాను. ఆయనకి ఇదొక్కటే కదా ఉంది."

చెప్పు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఏదో ఒకటి అంటే ఏమిటో అడగాల్సింది.

నవంబర్ 21

మంచులో నాకు నీళ్ళెక్కడ కనిపించాయి?

బెంచీ మీద కూర్చుని చేతికందే దూరంలో ఉన్న ఇద్దరి వీపులు చూస్తున్నాను నేను. అంతకు మించి ఏమీ కనిపించని రోజు అది. అందుకే అవి అంత బాగా కనిపించాయి.

నది సగం దాటాక నాన్న లేచాడు. వెనక్కి తిరిగి నన్ను చూసి కన్ను గీటాడు. "చూడవే మీ అడ్మిరల్‌ని" అన్నాడు. చిన్నప్పటి గొంతు. తర్వాత చక్రం మీద చెయ్యి వేశాడు. గడియారం ఎడమకి ఒక అడుగు జరిగి నిలబడ్డాడు. రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి. వాటిని ఏం చేయాలో తెలీక చొక్కా అంచు పట్టుకున్నాడు. మాస్టారు అడిగింది సరిగ్గా ఇదే. చేతులు ఏం చేస్తున్నాయని.

ఎవరూ ఏ మాటా అనలేదు. పుస్తకం కొక్కేనికి వేలాడుతోంది.

నేను సంతోషంగా ఉన్నాను. అది కూడా రాయాలి. ఐదేళ్ల తర్వాత నాన్న చేతులు వాటి చోటికి వచ్చాయి. భుజాలు దిగాయి, మెడ నిటారయింది, పదేళ్లు రాలిపోయాయి. లాంచీ ఆయన చేతిలో ఎంత మెత్తగా తిరిగిందంటే ఇంజను చప్పుడు కూడా తగ్గినట్టనిపించింది. నాకు మళ్ళీ ఎనిమిదేళ్లు. ఏడో భాగం కళ్ళ ముందు జరుగుతోంది. గంట సంగతి నాకూ గుర్తు రాలేదు. రేవు దీపం మంచులోంచి ఒక్కసారిగా ఊడిపడ్డప్పుడు వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంట తాడు వాళ్ళ మధ్య ఉంది.

ఆయన నా కోసమే లేచాడు. నేను రాయకపోతే లేచేవాడా? లేచేవాడేమో. తెలీదు.

ఎల్లుండి.

నవంబర్ 23

ఆఫీసు మేడ మీద వరండాలో ముగ్గురికీ ఒకటే బెంచీ. నాన్న ఇస్త్రీ చొక్కా. గడియారం తొమ్మిదిన్నరకే వచ్చాడట. వాళ్ళిద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, గాలి ఎటు తిరిగింది, మంచు ఇంకెన్నాళ్లుంటుంది. పెళ్ళికొచ్చిన దూరపు చుట్టాల్లా ఉన్నారు.

ముందు గడియారాన్ని పిలిచారు. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చాడు. తర్వాత నన్ను.

అధికారి మా అమ్మ వయసావిడ. చలికి శాలువా కప్పుకుని ఉంది. "కూర్చోమ్మా. నీకు కనిపించింది చెప్పు" అంది.

"నేను..." అన్నాను. నీళ్ళు అనే మాట నాలుక మీదే ఉంది.

ఆవిడ కాగితం మీద పెన్ను ఆనించి ఎదురుచూసింది. తొందరపెట్టలేదు. తొందరపెట్టి ఉంటే అనేసేదాన్ని.

"చక్రం నాన్న చేతిలో ఉందండీ" అన్నాను.

మిగతాదంతా దానంతటదే వచ్చింది. చొక్కా అంచు దాకా చెప్పాను. కన్ను గీటిన సంగతి మాత్రం చెప్పలేదు. అది విచారణకి సంబంధించింది కాదు.

బయటికొచ్చేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నాడు. నా ముఖం కేసి చూడలేదు. చొక్కా సర్దుకుని లోపలికి వెళ్ళాడు. గడియారం, నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. ఇరవై ఐదు నిమిషాలు.

నాన్న వచ్చి నేరుగా మెట్లు దిగిపోయాడు. నేను లేవబోతుంటే ఆవిడ గడియారాన్ని మళ్ళీ లోపలికి పిలిచింది. ఒక్క నిమిషంలో వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"ఏమైందన్నా?"

"కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశారట. 'ఈ కుర్రాడిది తప్పు లేదు, చక్రం నేను తీసుకున్నాను, మాట అనలేదు, పుస్తకంలో రాయలేదు, తర్వాత అబద్ధపు రిపోర్టు మీద సంతకం కూడా పెట్టాను' అని." ముక్కు తుడుచుకున్నాడు. "ఆవిడ అడగనే లేదట చెల్లాయ్. నువ్వు చెప్పింది ఆయనకి చదివి వినిపించనే లేదట."

నవంబర్ 24

ఉదయం కాఫీ తాగుతూ నాన్న అడిగాడు. "నువ్వేం చెప్పావే అక్కడ?"

"నీళ్ళు చూస్తున్నానన్నాను."

గ్లాసు కింద పెట్టాడు. "మంచిది" అన్నాడు.

అమ్మ మిషను ఆపింది. మళ్ళీ తొక్కింది.

నాన్న చెప్పింది నాన్న చెప్పినట్టే ఉండనీ. నేను ముందు చెప్పానని తెలిస్తే, గదిలోకి వెళ్ళేటప్పుడు తప్పించుకునే దారి కూడా తనకి ఉందని ఆయనకి అనిపించదు. ఉంది. ఉండి కూడా ఆ మాట అన్నాడు.

నవంబర్ 27

తీర్పు కాగితం వచ్చింది. నాన్నకి సూపరింటెండెంటు కుర్చీ పోయింది, ఆరు నెలలు ఏ లాంచీలోనూ చక్రం ముట్టకూడదు. గోడౌనులో తాళ్ల లెక్క చూడాలి. గడియారానికి హెచ్చరిక. ఎవరు చెయ్యి వేసినా మాట అడగకుండా జరగకూడదని. సర్టిఫికెట్ పోలేదు, మధ్యాహ్నమే మళ్ళీ మూడో నంబరు ఎక్కాడు.

సాయంత్రం గడియారం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాకుండా.

"రారా లోపలికి. తెరచాపలా ఆ ద్వారబంధానికి వేలాడుతున్నావేం?" అన్నాడు నాన్న.

వచ్చాడు. ఇద్దరూ కాఫీ తాగారు. వెళ్ళేటప్పుడు నాన్న, "ముక్కు భాగం బాగుచేశాక ఎడమకి కొంచెం లాగుతుంది, చూసుకో" అన్నాడు.

"చూశానండీ. లాగుతోంది."

"ఊఁ" అన్నాడు నాన్న.

నవంబర్ 29

మాస్టారికి జవాబు ఇచ్చేశాను.

"అయ్యా, అడ్మిరల్ స్వయంగా నౌకను నడపవచ్చును. అయితే తీసుకున్నానని కెప్టెన్‌కు వినబడేలా చెప్పాలి, నమోదు చేయాలి. ఆపైన నౌకకు ఏం జరిగినా అది ఆయనదే. ఏడో భాగంలో మా అడ్మిరల్ ఆ పని చేయలేదు. కెప్టెన్ ఆయనకు ఎడమ పక్కన నిలబడి ఉంది. ఆమె చేతులు చొక్కా అంచును పట్టుకుని ఉన్నాయి. అది నేను చూసి కూడా రాయలేదు. తొమ్మిదో భాగంలో రాస్తున్నాను."

ఎడిటర్ గారు చదివి, ఒక్క కామా కూడా మార్చకుండా కంపోజింగుకి పంపారు. "మీ నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగారు. ఆవిడ ఇంతవరకూ ఎప్పుడూ అడగలేదు.

డిసెంబర్ 2

గోడౌను అవతలి ఒడ్డునే. ఉదయం ఎనిమిదింటి లాంచీకి నాన్న, నేను కలిసి బయల్దేరాం. పై గదికి వెళ్ళే నిచ్చెన దగ్గర నాన్న కాలు ఆగింది. వెనక్కి తిరిగొచ్చి, మధ్య వరసలో నా పక్కన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లలో ఈ బెంచీల మీద కూర్చోవడం ఇదే మొదటిసారట.

"ఇక్కడ కూర్చుని జనం ఏం చేస్తారే?"

"నిద్రపోతారు."

"ఎనిమిదింటికా?"

"ఎదుటాయన్ని చూడు."

ఎదుటాయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఒడిలో సంచీ, సంచీ మీద గడ్డం. నాన్న కాసేపు ఆశ్చర్యంగా చూశాడు. "నేను ఇంత జాగ్రత్తగా తిప్పింది వీళ్ళని లేపకుండా అన్నమాట" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నాన్నకీ వచ్చింది.

మలుపు దగ్గర ఆయన పాదాలు నేలను తన్నిపట్టాయి. నేను వేరేవైపు తిరిగాను.

లాంచీ రేవుకి ఆనింది. తగిలినట్టే లేదు. జనం లేచారు, తోసుకున్నారు, దిగారు. నాన్న మెట్ల దగ్గర ఒక పక్కగా నిలబడి ఒక్కొక్కరినీ పోనిస్తున్నాడు, ఒక ముసలాయనకి మోచెయ్యి ఆసరా ఇచ్చాడు, ఎవరిదో పడిపోయిన గొడుగు తీసి అందించాడు. లాంచీ మొత్తం ఖాళీ అయింది. తాడు పట్టుకున్న మనిషి మా ఇద్దరినీ చూస్తూ ఆగిపోయాడు, పిలవాలో వద్దో తెలీక.

"దిగు నాన్నా. మనమూ ప్యాసింజర్లమే."

"అవును కదూ" అని, నా కంటే ముందు దిగాడు.